రూబెన్ శాండ్‌విచ్‌ని క్యాసరోల్‌గా చేస్తే అడుగు ఎందుకు ముద్దవుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఆఫీసు పాట్‌లక్‌లో (తలా ఒక వంట తెచ్చుకుని పంచుకునే విందు) 20 మందికి రూబెన్ శాండ్‌విచ్‌లు ఒక్కొక్కటీ పెనం మీద కాల్చే ఓపిక లేక, అన్నీ ఒక ట్రేలో పేర్చి ఓవెన్‌లో పెట్టారు. పైన చీజ్ చక్కగా కరిగింది, కింద బ్రెడ్ మాత్రం నానిపోయి ముద్దయింది, పైగా ఉప్పు కషాయం. ఇంట్లో మీరు బీఫ్ తినరు, టీమ్‌లో ఇద్దరు శాకాహారులు. ఈసారి అందరికీ పెట్టగలిగేలా ఎలా చేయాలి అని అడిగారు.

న్యూజెర్సీలో ఒక డెలీ (కోసిన మాంసం, చీజ్, శాండ్‌విచ్‌లు అమ్మే దుకాణం) వంటగదిలో చాలా ఏళ్ళు పనిచేశాను, ఇప్పుడు సొంతంగా కేటరింగ్ చేస్తున్నాను. ఈ క్యాసరోల్ నా దగ్గర తరచూ ఆర్డర్ అయ్యే వంటల్లో ఒకటి. మీ రెండు సమస్యలకీ మూలం ఒక్కటే, నీళ్ళు. మసాలా ఏం మార్చాలి, ఏ చీజ్ కొనాలి అన్నవి తర్వాత సంగతి. ముందు ట్రేలోకి ఎక్కడెక్కడి నుంచి నీళ్ళు వస్తున్నాయో చూసుకుంటే సగం పని అయిపోయినట్టే.

రూబెన్‌లో ఉండేవి ఐదు: రై బ్రెడ్, సన్నగా కోసిన కార్న్‌డ్ బీఫ్, స్విస్ చీజ్, పులిసిన క్యాబేజీ అంటే సావర్‌క్రౌట్, పైన రష్యన్ డ్రెసింగ్. డెలీలో దీన్ని వెన్న రాసి వేడి పెనం మీద నొక్కి కాలుస్తారు. బ్రెడ్ ఎర్రగా కాలాలంటే దాని పైభాగం దాదాపు 300 డిగ్రీల ఫారన్‌హీట్ దాటాలి. తడి ఉన్నంతసేపూ ఆ వేడి 212 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే వేడంతా నీళ్ళు ఆవిరవడానికే ఖర్చయిపోతుంది. పెనం మీద రెండు బ్రెడ్ ముక్కల అంచుల నుంచీ ఆవిరి బయటికి పోతుంది కాబట్టి ఇబ్బంది లేదు. అదే సరుకు రెండు అంగుళాల మందాన ట్రేలో పేర్చి ఫాయిల్ కప్పితే ఆవిరికి దారి లేదు. పైకి వెళ్ళి ఫాయిల్‌కి తగిలి మళ్ళీ నీళ్ళై కిందికే కారుతుంది. అట్టడుగున ఉన్న బ్రెడ్ దాన్నంతా పీల్చుకుంటుంది. ఆ నీళ్ళు ఉత్త నీళ్ళు కావు, క్రౌట్‌లోని ఉప్పునీళ్ళు. మీకు అడుగు ముక్కే అంత ఉప్పగా తగలడానికి కారణం అదే.

కాబట్టి మొదటి పని సావర్‌క్రౌట్ మీద. క్యాబేజీ తురుముకి దాని బరువులో రెండు శాతం, రెండున్నర శాతం ఉప్పు కలిపితే అందులోని నీరంతా బయటికి వచ్చి, ఆ నీటిలోనే అది పులుస్తుంది. సీసా తెరిచి జల్లెడలో వేసి వదిలేస్తే చాలనుకుంటారు చాలామంది. చాలదు. గుప్పెడు గుప్పెడు తీసుకుని, లేదా శుభ్రమైన గుడ్డలో మూటగట్టి, ఇక చుక్క రాదు అనేదాకా పిండండి. 900 గ్రాముల పెద్ద సీసా పిండితే ఒక గిన్నె నిండా పులుపునీళ్ళు దిగుతాయి. ఆవకాయకి మామిడి ముక్కలు తడి లేకుండా తుడుచుకునే ఇంట్లో పెరిగినవాళ్ళకి ఈ పట్టుదల గురించి వేరే చెప్పనక్కర్లేదు.

పిండాక కూడా ఆగకండి. వెడల్పాటి పెనంలో రెండు స్పూన్ల వెన్న వేసి, ఒక పెద్ద ఉల్లిపాయ సన్నగా కోసి మెత్తబడేదాకా వేయించి, పిండిన క్రౌట్ అందులో విడదీసి వేయండి. మొదట సుయ్‌మంటూ పొగలు కక్కుతుంది. అది నీరు పోతున్న చప్పుడు. పదీ పన్నెండు నిమిషాలకి ఆ చప్పుడు తగ్గి, సన్నగా చిటపటలాడటం మొదలవుతుంది, పోగులు ఒకదానికొకటి అంటుకోకుండా విడివిడిగా వస్తాయి, కొన్నిటి అంచులు లేత గోధుమ రంగుకి తిరుగుతాయి. దించాల్సింది అప్పుడే. అర స్పూను క్యారవే గింజలు, కొంచెం మిరియాల పొడి వేసుకోండి. హైదరాబాద్ వైపు బిర్యానీలో వాడే షాజీరా వాసన తెలిసినవాళ్ళకి క్యారవే కొత్తగా అనిపించదు. రై బ్రెడ్‌లో ఆ ఘాటు వాసన దీనిదే. పులుపు మరీ ఎక్కువ అనిపిస్తే సగం యాపిల్ తురిమి కలపొచ్చు. క్రౌట్‌ని నీళ్ళలో కడగమని చెప్పేవాళ్ళున్నారు. నేను కడగను. ఉప్పుతో పాటు పులుపు కూడా పోతుంది, ఈ వంటలో చీజ్, మాంసం, వెన్న జిడ్డుని కోసేది ఆ పులుపే.

ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే ఖరీదైన క్రౌట్ కొనాల్సిన అవసరం లేదు. అందులో ఉండే మంచి బాక్టీరియా ఓవెన్ వేడికి ఎలాగూ బతకదు. డబ్బాలో దొరికేది చాలు. కానీ వెనక రాసినది ఒకసారి చదవండి. క్యాబేజీ, నీళ్ళు, ఉప్పు ఉంటే పులిసినది. వెనిగర్ పోసి పులుపు తెప్పించినది అయితే రుచి పలచగా, పదునుగా ఉంటుంది.

తర్వాత బ్రెడ్. తాజా బ్రెడ్ వాడకండి, నిన్నటిదైతే మంచిది. నిన్నటిదైనా సరే ఓవెన్‌లో ఆరబెట్టాలి. 300 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర 15 నుంచి 20 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పుతూ. టోస్టర్‌లో వేస్తే పైన మాడి లోపల మెత్తగానే ఉంటుంది. మనకి కావలసింది ముక్క లోపలి దాకా ఆరడం. వేలితో నొక్కితే మధ్యలో కూడా గట్టిగా తగలాలి. సగం బ్రెడ్‌ని ముక్కలు కోయకుండా స్లైసులుగానే ఉంచండి, అవి అడుక్కి. మిగతా సగం ముప్పావు అంగుళం ముక్కలు చేసి, నాలుగు స్పూన్ల కరిగించిన వెన్నలో కలిపి, అవి కూడా ఆరబెట్టి పక్కన పెట్టండి. అవి పైకి.

అడుగు బ్రెడ్‌కీ తడి సరుకుకీ మధ్య చీజ్ ఉండాలి. ఇది నేను కనిపెట్టినదేమీ కాదు, రూబెన్ బాగా చేసే డెలీల్లో రెండు బ్రెడ్ ముక్కలకీ లోపలి వైపు చీజ్ పెట్టేది ఇందుకే. కరిగిన చీజ్ బ్రెడ్ మీద ఒక పొరలా పరుచుకుని తడిని లోపలికి దిగనివ్వదు. స్విస్ చీజ్ తురిమినది సంచిలో కొనకండి. అంటుకోకుండా దానికి స్టార్చ్ పూస్తారు, సరిగ్గా కరగదు. అడుగుకి స్లైసులు, పైకి ఇంట్లో తురుముకున్నది. జేబుకి భారం కాకపోతే పైన వేసే దాంట్లో సగం గ్రూయేర్ అనే చీజ్ కలిపి చూడండి, రుచి లోతు మారిపోతుంది.

డ్రెసింగ్ ఇంట్లోనే కలుపుకోండి, ఐదు నిమిషాల పని. ముప్పావు కప్పు మయొనైజ్, పావు కప్పు కెచప్, ఒక పెద్ద స్పూను హార్స్‌రాడిష్ (ఘాటైన వేరు తురుము), ఒక స్పూను వూస్టర్ సాస్, కొంచెం ఉల్లి తురుము, అర స్పూను పాప్రికా. తీపిగా ఊరబెట్టిన దోసకాయ ముక్కలు కలిపితే థౌజండ్ ఐలాండ్ అనే డ్రెసింగ్ వైపు వెళ్తుంది, అదీ బాగుంటుంది, కాకపోతే ఆ ముక్కల్ని కూడా పిండాలి. కప్పు డ్రెసింగ్‌లో మూడో వంతు మాత్రమే ట్రేలోకి, మాంసం మీద పలచగా రాయడానికి. మిగతాది చల్లగా గిన్నెలో పెట్టి పక్కన వడ్డించండి. మయొనైజ్ అంటే నూనె, గుడ్డు సొన కలిసి నిలబడిన ముద్ద. ఎక్కువసేపు వేడిలో ఉంటే అది విరిగి నూనె వేరుపడుతుంది. పోసేకొద్దీ రుచి పెరుగుతుందని మొత్తం డ్రెసింగ్ ట్రేలో ఒంపేస్తే జిడ్డు నూనె అడుక్కి చేరుతుంది. చల్లటి డ్రెసింగ్ వేడి ముక్క మీద వేసుకుని తింటే ఆ హార్స్‌రాడిష్ ఘాటు ముక్కుకి తెలుస్తుంది, కాలిస్తే తెలియదు.

ఇక మాంసం. కార్న్‌డ్ బీఫ్ అంటే గోమాంసపు రొమ్ము భాగాన్ని, అంటే బ్రిస్కెట్‌ని, ఉప్పునీళ్ళలో ధనియాలు, ఆవాలు, మిరియాలు, బిర్యానీ ఆకు, లవంగాలతో రోజుల తరబడి ఊరబెట్టి ఉడికించినది. బీఫ్ తినే సహోద్యోగుల కోసం ఒక ట్రే చేయాలంటే డెలీ కౌంటర్‌లో సన్నగా కోయించుకోండి, కోయించాక అర అంగుళం వెడల్పున తరుక్కోండి. నిలువు పొరలుగా వదిలేస్తే చెంచాతో తీసేటప్పుడు మొత్తం పొర ఊడి వచ్చేస్తుంది. మార్చి 17న సెయింట్ పాట్రిక్స్ డే ముందు పచ్చి కార్న్‌డ్ బీఫ్ చవకగా దొరుకుతుంది. అది తెచ్చుకుంటే సన్న సెగ మీద మూడు గంటల దాకా ఉడికించి, చల్లారాక నారకి అడ్డంగా కోయాలి. ఉడికాక బాగా తగ్గిపోతుంది, అది లెక్కలో పెట్టుకుని కొనండి.

మీలా బీఫ్ ముట్టనివాళ్ళకి నేను చేసేది టర్కీ కోడి పస్ట్రామీతో, అంటే మసాలా పట్టించి పొగబెట్టిన మాంసంతో. ఇది సర్దుబాటు వంట అనుకోనక్కర్లేదు. అమెరికా డెలీల్లోనే దీనికి రేచెల్ అని పేరుంది, టర్కీ లేదా పస్ట్రామీ పెట్టి, క్రౌట్ బదులు కోల్‌స్లా, అంటే పచ్చి క్యాబేజీ సలాడ్, వేస్తారు. అయితే క్యాసరోల్‌లో కోల్‌స్లా వేయకండి. పచ్చి క్యాబేజీ వేడికి నీరు వదిలేస్తుంది, మళ్ళీ మొదటికొస్తుంది. లోపల వేయించిన క్రౌటే వేసి, కోల్‌స్లా చల్లగా పక్కన పెట్టండి. మామూలు టర్కీ కంటే పస్ట్రామీ రకం ఎందుకంటే, దాని మీద మిరియాలు, ధనియాల పూత, పొగ వాసన ఉంటాయి, క్రౌట్ పులుపుకి ఎదురు నిలుస్తుంది. టర్కీలో కొవ్వు తక్కువ, ఎండిపోతుంది, కాబట్టి డ్రెసింగ్ దానికి ఒక చెంచా ఎక్కువ రాయండి, చీజ్ దాని మీద పూర్తిగా కప్పేలా చూడండి.

శాకాహారుల ట్రే విషయంలో మాత్రం జాగ్రత్త, ఎందుకంటే మాంసం తీసేస్తే సరిపోదు. వూస్టర్ సాస్ చాలా బ్రాండ్లలో ఆంకోవీ చేప ఉంటుంది. స్విస్ రకం చీజ్‌లలో కొన్నిటికి దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ (పాలు గడ్డకట్టించే ఎంజైమ్) వాడతారు. లేబుల్ మీద మైక్రోబియల్ లేదా వెజిటేరియన్ ఎంజైమ్స్ అని రాసి ఉన్నదే తీసుకోండి. మయొనైజ్‌లో గుడ్డు ఉంటుంది, గుడ్డు కూడా తినని వాళ్ళయితే గుడ్డు లేనిది దొరుకుతుంది. ఆ ఇద్దరినీ ముందే ఒక మాట అడగండి, మనవాళ్ళలో గుడ్డు తినే శాకాహారులూ ఉన్నారు, ససేమిరా అనేవాళ్ళూ ఉన్నారు. మాంసం స్థానంలో నేను పుట్టగొడుగులు వాడతాను. మందంగా కోసి, నూనె, పొగ వాసన ఉన్న పాప్రికా, దంచిన ధనియాలు, మిరియాలు పట్టించి, 425 డిగ్రీల దగ్గర నీరంతా ఇగిరి అంచులు ముడుచుకునేదాకా కాల్చండి. పచ్చివి ట్రేలో వేస్తే క్రౌట్ పిండిన శ్రమంతా వృథా. పనీర్ వేస్తారా అని కొందరు అడుగుతుంటారు. వేయొచ్చు, కానీ ఇప్పటికే చీజ్ ఉన్న వంటలో అది రుచి ఇవ్వదు, బరువు మాత్రం పెంచుతుంది.

ఒక 9 అంగుళాలు, 13 అంగుళాల ట్రేకి, పది మందికి సరిపడా, కొలతలు ఇవి: రై బ్రెడ్ 450 గ్రాములు, మాంసం లేదా టర్కీ 600 గ్రాములు (పుట్టగొడుగులైతే పచ్చివి 1 కిలో పైనే కావాలి, సగానికి పైగా తగ్గిపోతాయి), పిండకముందు 900 గ్రాముల క్రౌట్, స్విస్ చీజ్ 340 గ్రాములు, పైన చెప్పిన కొలతతో ఒకసారి కలిపిన డ్రెసింగ్. ఉప్పు అసలు వేయకండి, వెన్న కూడా ఉప్పు లేనిదే. మీకు 20 మంది కాబట్టి రెండు ట్రేలు చేయండి, ఒక్కటే లోతైన ట్రే వద్దు. లోతు పెరిగితే మధ్యలో వేడెక్కేలోగా అంచులు ఎండిపోతాయి. మీ లెక్క ప్రకారం ఒకటి టర్కీది చేసి, రెండోది సగం టర్కీ సగం పుట్టగొడుగులు చేద్దామనుకుంటారేమో, వద్దు. వడ్డించేటప్పుడు చెంచాలు కలిసిపోతాయి. శాకాహారులకి చిన్న ట్రే వేరుగా చేసి, దానికి వేరే చెంచా పెట్టండి.

పేర్చే వరస ఇలా. ట్రేకి వెన్న రాసి, ఆరిన స్లైసులు సందు లేకుండా పరవండి. వాటి మీద చీజ్ స్లైసులు. ఈ రెండు పొరల్నీ 375 డిగ్రీల ఓవెన్‌లో ఐదు నిమిషాలు పెట్టి తీస్తే చీజ్ కరిగి బ్రెడ్‌కి అతుక్కుంటుంది. అప్పుడు మాంసం, దాని మీద పలచగా డ్రెసింగ్, దాని మీద వేయించిన క్రౌట్, ఆపైన తురిమిన చీజ్. క్రౌట్ ఎప్పుడూ పైనే ఉండాలి, అందులో ఇంకా ఏమైనా తడి మిగిలుంటే పైకి ఆవిరైపోవడానికి దారి దొరుకుతుంది. ఫాయిల్ వదులుగా కప్పి 375 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు. తర్వాత ఫాయిల్ తీసేసి, అప్పుడు మాత్రమే వెన్న పట్టించిన బ్రెడ్ ముక్కలు పైన చల్లి, ఇంకో 15 నిమిషాలు. చాలా వంటకాల్లో ఆ ముక్కలు మొదటే వేసి ఫాయిల్ కప్పమని ఉంటుంది. అలా చేస్తే అవి ఆవిరిలో ఉడుకుతాయి, ఆ తర్వాత ఎంతసేపు కాల్చినా పూర్తిగా కరకరలాడవు. అంచుల్లో చీజ్ బుడగలు రావాలి, మధ్యలో థర్మామీటర్ పెడితే 165 డిగ్రీలు చూపించాలి. దించాక పది నిమిషాలు కదిలించకండి, చీజ్ బిగుసుకుంటేనే ముక్క నిలబడుతుంది. రెండు ట్రేలు ఒకేసారి పెడితే సగంలో పై అరలోది కిందికి, కింది అరలోది పైకి మార్చండి.

ట్రే గాజుదైతే ఫ్రిజ్ నుంచి తీసి నేరుగా వేడి ఓవెన్‌లో పెట్టకండి, పగిలే ప్రమాదం ఉంది. నాకైతే దీనికి లోహపు ట్రేనే ఇష్టం. అడుగు త్వరగా వేడెక్కి బ్రెడ్ కింద కూడా కాలుతుంది.

ఆఫీసుకి తీసుకెళ్ళే మాట. ముందు రోజు రాత్రే అన్నీ సిద్ధం చేసుకోవచ్చు, పేర్చకండి. క్రౌట్ వేయించి ఒక డబ్బాలో, మాంసం తరిగి ఒక డబ్బాలో, ఆరిన బ్రెడ్ సంచిలో. పొద్దున పేర్చి కాల్చుకుని, పైన చల్లే బ్రెడ్ ముక్కల్ని విడిగా షీట్ పాన్ మీద ఎర్రగా కాల్చి సంచిలో పట్టుకెళ్ళండి, వడ్డించే ముందు చల్లండి. మూత పెట్టిన వేడి ట్రేలో గంటసేపు కారులో ప్రయాణం చేస్తే ఎంత కరకరలాడే ముక్కైనా మెత్తబడుతుంది. వేడి నిలబెట్టే సంచిలో తీసుకెళ్ళి, 140 డిగ్రీలకి తగ్గకుండా చూసుకోండి. బల్ల మీద పెట్టి రెండు గంటలు దాటితే మిగిలింది పారేయాలి, మాంసం, మయొనైజ్ రెండూ ఉన్నాయి కదా.

రాత్రే పేర్చి పెట్టేసి పొద్దున నేరుగా కాల్చాలనే ఉంటే, అది వేరే వంట అనుకుని చేయండి. 8 గుడ్లు, 3 కప్పుల పాలు గిలక్కొట్టి, ఆరిన బ్రెడ్ మొత్తం ముక్కలుగా చేసి, మాంసం, క్రౌట్, చీజ్‌తో కలిపి దాని మీద పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో నాననివ్వాలి. 350 డిగ్రీల దగ్గర 50 నిమిషాల పైన పడుతుంది. ఇందులో బ్రెడ్ మెత్తగా ఉండటమే పద్ధతి, గుడ్డు దాన్ని పట్టి ఉంచుతుంది. ఆదివారం పొద్దుటి టిఫిన్‌కి బాగుంటుంది, కానీ రూబెన్ కరకర ఇష్టపడేవాళ్ళకి ఇది నచ్చదు. డబ్బా క్రీమ్ సూప్ పోసి చేసే పద్ధతి కూడా చూసే ఉంటారు. క్రౌట్ పులుపునీ రై వాసననీ ఆ సూప్ మింగేస్తుంది, నేను ఎవరికీ చెప్పను.

మీ టీమ్‌లో యూదు సహోద్యోగి ఉన్నారని రాశారు, అందుకని ఒక మాట. రూబెన్‌ని యూదు డెలీ వంటగా అందరూ అనుకుంటారు, కానీ మాంసం, చీజ్ కలిపి తినడం కోషర్ అనే యూదుల ఆహార నియమానికి విరుద్ధం. న్యూయార్క్‌లో 1888 నుంచి ఉన్న కాట్జ్ లాంటి పెద్ద డెలీలో రూబెన్ దొరుకుతుంది, ఎందుకంటే అది కోషర్ పద్ధతి రుచుల డెలీయే కానీ కోషర్ డెలీ కాదు. వారు కోషర్ పాటిస్తారేమో ముందే అడగండి. పుట్టుక విషయానికొస్తే నెబ్రాస్కాలోని ఒమాహా వాళ్ళు తమదంటారు, న్యూయార్క్ వాళ్ళు తమదంటారు. ఒమాహాలో 1920లలో బ్లాక్‌స్టోన్ హోటల్లో పేకాట ఆడే మిత్రబృందంలోని కిరాణా వ్యాపారి రూబెన్ కులకోఫ్‌స్కీ పేరు చెబుతారు, న్యూయార్క్‌లో రెస్టారెంట్ నడిపిన ఆర్నాల్డ్ రూబెన్ పేరు చెబుతారు. 1956లో దేశవ్యాప్త శాండ్‌విచ్ పోటీలో ఆ ఒమాహా హోటల్ ఉద్యోగిని ఫెర్న్ స్నైడర్ పంపిన రూబెన్ గెలిచాక ఇది దేశమంతా పాకింది. నాకు ఒమాహా కథే ఎక్కువ నమ్మదగినదిగా అనిపిస్తుంది, న్యూయార్క్ రూబెన్ గురించి చెప్పే తొలి కథల్లోని శాండ్‌విచ్‌లో క్రౌట్ లేదు మరి.

చివరగా ఫ్రీజర్ గురించి అడిగారు. పేర్చిన ట్రేని గడ్డకట్టించకండి, కరిగేటప్పుడు మయొనైజ్ విరిగి నీరు, నూనె వదులుతుంది. వేయించిన క్రౌట్, తరిగిన మాంసం విడివిడిగా ఫ్రీజ్ చేసుకోవచ్చు. మిగిలిపోయిన ముక్కలు ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటాయి. మైక్రోవేవ్‌లో వద్దు. నూనె వేయని పెనం మీద బ్రెడ్ అడుగు కిందికి వచ్చేలా పెట్టి, సన్న సెగ మీద ఏడెనిమిది నిమిషాలు, మొదటి సగం మూత పెట్టి, తర్వాత మూత తీసి వేడి చేయండి.